లాండ్రీలో మేనేజరమ్మ

సోమవారం పొద్దున్న బాబాయికి కంటి శుక్లం ఆపరేషన్. ఏర్పాట్లన్నీ ముందురోజే అయిపోయాయి. పిన్ని ఆయన్ని ఏడింటికి ఆసుపత్రికి తీసుకువెళుతుంది, మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపించేస్తారు. ఈలోగా ఆయన లాండ్రీ మూయడానికి వీల్లేదు. వారం మొత్తంలో ఎక్కువమంది బట్టలు తీసుకువెళ్ళేది సోమవారమే. అందుకని ఆ ఒక్కపూటా కౌంటర్ దగ్గర కూర్చోవడానికి ఆయన అన్నగారి కూతురు వస్తుందని నిర్ణయమైంది. నిర్ణయించింది అన్నగారే. కూతురు నాలుగు నెలలుగా ఇంట్లో కూర్చునే ఉంది కాబట్టి, లాండ్రీలో కూర్చుంటే వచ్చే నష్టం లేదని ఆయన లెక్క.

ఆ అమ్మాయి బిజినెస్ స్కూల్లో మంచి మార్కులతో చదువు పూర్తిచేసింది. సీటు వచ్చిన రోజు నుంచి ఇంట్లో అందరూ ఆమెను మేనేజరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. అప్పుడది ముద్దుగానే ఉండేది. ఏడు ఇంటర్వ్యూలు అయ్యాక, ఏడు చోట్లా కబురు చేస్తామని చెప్పి కబురు చేయడం మర్చిపోయాక, ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమెకు ఎక్కడో చురుక్కుమనేది. పిలిచేవాళ్ళకు మాత్రం నోరు అలవాటైపోయింది.

ఏడు చోట్లా ఆమెను ముంచిన ప్రశ్న ఒక్కటే. చదివింది బాగానే ఉంది, మీరు స్వయంగా ఎక్కడైనా ఒక మార్పు తెచ్చారా, దాని ఫలితమేమిటి, అని అడిగేవాళ్ళు. కాలేజీ సెమినార్లో కుర్చీల వరసలు మార్పించిన సంగతి తప్ప ఆమె దగ్గర చెప్పడానికేమీ లేదు. ఎనిమిదో ఇంటర్వ్యూ గురువారం ఉంది. కుర్చీల కథ మళ్ళీ చెప్పాలంటే ఆమెకే సిగ్గుగా ఉంది.

బాబాయి వెళ్ళేముందు తన ఫోను కౌంటర్ మీద పెట్టి, ఎవరైనా ఫోన్ చేస్తే పలకమని చెప్పాడు. తర్వాత అల్మరాల వైపు చెయ్యి ఊపి చేయాల్సిన పని కూడా చెప్పాడు.

"నువ్వేమీ చెయ్యక్కర్లేదమ్మా. ఎవరైనా వస్తే అత్తనడుగు, ఏ దొంతర ఎవరిదో చూపిస్తుంది. అది తీసి ఇచ్చెయ్. ఇంకేమీ ముట్టుకోకు."

అత్త అంటే ఎవరికీ అత్త కాదు. ముప్పై ఏళ్ళుగా ఆ లాండ్రీలో ఇస్త్రీ చేస్తున్న మనిషి. వీధి మొత్తానికి ఆమె అత్తే. అన్నేళ్ళు ఆవిరి ఇస్త్రీ బుసల పక్కన నిలబడడంతో ఆమెకు వినికిడి సగం పోయింది. మిగిలిన సగాన్ని పొదుపుగా వాడుకునేది.

బాబాయి వెళ్ళాక మేనేజరమ్మ అల్మరాల ముందు నిలబడి చూసింది. ఒకే దొంతరలో రెండు చొక్కాలు, ఒక దుప్పటి, ఒక యూనిఫాం. పక్క దొంతరలో మూడు ప్యాంట్లు, వాటిమీద బల్లగుడ్డ. ఎక్కడా పేరు లేదు, నంబరు లేదు. కౌంటర్ కింద ఉన్న నోటుపుస్తకం తెరిస్తే అందులో 'దగ్గు సారు - 5', 'పొడుగు మేడమ్ - 3', 'రేపొస్తా ఆయన - 8' అని రాసి ఉంది. చొక్కాల కాలర్ల లోపలా ప్యాంట్ల నడుము పట్టీల లోపలా రంగురంగుల దారాల ముక్కలు వేలాడుతున్నాయి. ఎర్రవి రెండు, పచ్చది ఒకటి, ఇంకోదానికి నీలివి మూడు. పాత కుట్లు ఊడిపోయి అలా మిగిలాయనుకుంది. ఒక వ్యాపారంలో ఇంత గందరగోళం ఒక్కచోట దొరకడం అరుదని వాళ్ళ ప్రొఫెసర్ అయితే పాఠం ఆపి చూసేవాడు.

గురువారం అడగబోయే ప్రశ్నకు జవాబు అల్మరాల నిండా కనిపించింది.

అయినా ఆమె తొందరపడే మనిషి కాదు. పనిచేసేవాళ్ళను సంప్రదించకుండా మార్పు తేకూడదని చదువుకుంది. చేతిలో ఒక చొక్కా పట్టుకుని లోపలికి వెళ్ళి, ఇస్త్రీ బుసకొడుతుండగా గట్టిగా అడిగింది.

"అత్తా, ఈ దారాలన్నీ తీసెయ్యనా?"

అత్త తలెత్తలేదు. దారాలన్నది ద్వారాలని వినిపించి, పొద్దుటినుంచి మూసి ఉన్న వెనక తలుపుల గురించి అడుగుతోందనుకుంది.

"తియ్యమ్మా, అన్నీ తియ్యి. కాస్త ఊపిరాడుతుంది."

దారాలకూ ఊపిరికీ సంబంధమేమిటా అని మేనేజరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత ఆ మాటలోని లోతు ఆమెకు అర్థమైంది. అనవసరమైనవి తొలగిస్తే ఏ సంస్థకైనా ఊపిరాడుతుంది. చదువుకోని మనిషి అయినా ఎంత స్పష్టంగా చెప్పింది అనుకుని కత్తెర తీసుకుంది.

ఎనిమిదింటికి మొదలుపెట్టి, మధ్యలో మంచినీళ్ళు కూడా తాగకుండా పనిచేసింది. దారాలన్నీ కత్తిరించింది. దొంతరలన్నీ విప్పేసింది. తెల్ల చొక్కాలన్నీ ఒక అరలో, రంగువి ఇంకో అరలో, కొలతల ప్రకారం. ప్యాంట్లు ముదురు రంగు నుంచి లేత రంగుకు. కోట్లు ఒక కడ్డీకి, యూనిఫాంలు ఇంకో కడ్డీకి. దుప్పట్లు కింద. పదింటికల్లా ఆ లాండ్రీ పెద్ద బట్టల దుకాణంలా తయారైంది. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుంది. తృప్తిగా కుర్చీలో కూర్చునేసరికి మొదటి మనిషి వచ్చాడు.

ఆయన పళ్ళ డాక్టరు. నాలుగు తెల్లకోట్లు కావాలన్నాడు. తెల్లకోట్లు ఎక్కడున్నాయో వెతుక్కోనక్కర లేకపోవడం ఆమెకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేం. ఆయన ఒడ్డూ పొడుగూ కళ్ళతోనే కొలిచి నాలుగు తీసి ఇచ్చింది. తర్వాత రిటైరైన జడ్జిగారు వచ్చి నల్లప్యాంటు తీసుకువెళ్ళారు. ఆయన వెనకే హైస్కూలు ప్రిన్సిపాల్ వచ్చి, మీటింగుకు ఆలస్యమవుతోందంటూ బూడిదరంగు కోటు అక్కడే తొడుక్కుని పరుగెత్తింది. పని ఇంత వేగంగా ఎప్పుడైనా జరిగిందా అని మేనేజరమ్మ అనుకుంటుండగా పళ్ళ డాక్టరు తిరిగొచ్చాడు. ఒక కోటు జేబులో దువ్వెన ఉంది, దానికి ఎవరివో వెంట్రుకలు ఉన్నాయి. కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి అది చూసి నోరు మూసుకున్నాడట. ఆ కోటు నాలుగో వీధిలోని సెలూన్ ఆయనది.

మిగతా మూడు కోట్లు డాక్టరువేనా అని అడిగితే, ఆయనకూ ఇప్పుడు అనుమానంగా ఉందన్నాడు. గుర్తుగా ఎప్పుడూ తెల్లదారం మీద పచ్చదారం ముడి ఉండేదట, మీ బాబాయి పెట్టేవాడు, అది కనిపించడం లేదు, అని కాలరు తిప్పి చూపించాడు.

మేనేజరమ్మ కౌంటర్ పక్కకు చూసింది. అక్కడ చేటెడు దారాల ముక్కలు కుప్పగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే చీపురు పట్టుకుని ముందుగదిలోకి వచ్చిన అత్త కూడా ఆ కుప్పనే చూసింది. చీపురు గోడకు ఆనించి, ఉన్నచోటనే కూర్చుండిపోయింది. ఆ దారాల గుర్తులు మీ బాబాయి బుర్రలో తప్ప ఇంకెక్కడా లేవమ్మా, దొంతర చూసి నేను చెప్పేదాన్ని, ఇప్పుడు దొంతరలే లేవు, అని నెమ్మదిగా చెప్పింది. తలుపులు తియ్యమంటే దారాలు తీశావేమిటి అని మాత్రం అడగలేదు. పొద్దున్న తనను అడిగింది దారాల గురించేనని ఆమెకు తెలియదు కదా.

పళ్ళ డాక్టరు వెళ్ళిపోయాక మేనేజరమ్మ కుర్చీ లాక్కుని కౌంటర్ ముందు కూర్చుంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో కూడా ఆమె చదువుకుంది. చెడ్డకబురు చెప్పే ఉత్తరం ఎలా రాయాలన్న పాఠంలో క్లాసు మొత్తానికి ఆమెకే ఎక్కువ మార్కులు. 'తప్పు' అనే మాట వాడకూడదు, వివరాల్లోకి వెళ్ళకూడదు, గౌరవం తగ్గకూడదు. బాబాయి ఫోను తీసుకుని, అందులో ఉన్న ఖాతాదారులందరికీ ఇలా పంపింది:

'ఇన్నేళ్ళుగా మీ అందరి ఆదరణ పొందిన మా పాత పద్ధతి ఈ ఉదయంతో ముగిసిందని తెలియజేయడానికి చింతిస్తున్నాం. ఏర్పడిన లోటును మీ సహకారంతో పూడ్చుకోగలమని ఆశిస్తున్నాం. వీలు చూసుకుని ఒకసారి దుకాణానికి రాగలరు.'

మెసేజ్ చదివినవాళ్ళకు పద్ధతి అన్న మాట కంటికి ఆనలేదు. ముగిసింది, చింతిస్తున్నాం, లోటు అన్న మూడు మాటలే కనిపించాయి. అనుమానం తీర్చుకోవడానికి ఇద్దరు ముగ్గురు పక్క దుకాణంలోని గడియారాల రిపేరు ఆయనకు ఫోన్ చేశారు. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. పొద్దున్న ఏడింటికి ఆసుపత్రికి తీసుకువెళ్ళారనీ, తిరిగి రాలేదనీ చెప్పాడు.

పదకొండున్నరకు ప్రిన్సిపాల్ మళ్ళీ వచ్చింది. ఆమె చాలా పొడగరి. ఒంటిమీద ఉన్న బూడిదరంగు కోటు చేతులు మోచేతులు దాటి నాలుగు వేళ్ళ మేరకే వస్తున్నాయి. చేతిలో తెల్లపూల గుత్తి ఉంది. కోటు మారిపోయినందుకు కోప్పడకపోగా పూలు తెచ్చిందంటే ఎంత పెద్దమనసు అనుకుని మేనేజరమ్మకు కళ్ళు చెమర్చాయి. ప్రిన్సిపాల్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎలా జరిగిందమ్మా?"

"ఎనిమిదింటికి మొదలైంది మేడమ్. పదింటికల్లా అంతా అయిపోయింది. పక్కన నేనూ అత్తా తప్ప ఎవరూ లేరు."

"అంత హఠాత్తుగానా?"

"నా వల్లే మేడమ్. అత్త తియ్యమంది, నేను కత్తెర తీసుకున్నాను."

ప్రిన్సిపాల్ పట్టు కొంచెం సడలింది.

"కత్తెరా?"

"మెడ దగ్గరే మేడమ్. సన్నగా ఉంటాయి కదా, పుటుక్కుపుటుక్కున తెగిపోయాయి. అప్పుడు నాకేమీ అనిపించలేదు, ఇంకా హాయిగా కూడా ఉంది."

ప్రిన్సిపాల్ చెయ్యి పూర్తిగా వదిలేసి, తలుపు ఎంత దూరంలో ఉందో వెనక్కి తిరిగి చూసుకుంది. గొంతు తగ్గించి, పోలీసులకు చెప్పారా అని అడిగింది.

"వాళ్ళకీ మెసేజ్ వెళ్ళింది మేడమ్. వాళ్ళవి కూడా ఇందులోనే కలిసిపోయాయి."

అంతకుమించి వినే ధైర్యం ఆమెకు లేకపోయింది. పూలు కౌంటర్ మీద పెట్టి, తలుపు అవతల నిలబడి మిగతావాళ్ళ కోసం ఎదురుచూసింది. ఎక్కువసేపు చూడనక్కర లేకపోయింది. పన్నెండింటికల్లా దుకాణం ముందు నలభై మంది దాకా చేరారు. సెలూన్ ఆయన, బేకరీ ఆవిడ, బస్సు డ్రైవరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, రేపొస్తానని చెప్పి ఎప్పుడూ ఆ రేపు రాని ఆయన, కర్ర ఊతంగా వచ్చిన ఒక ముసలి నర్సమ్మ. ఎవరూ బట్టలు అడగడం లేదు. ఎవరూ గొంతు పెంచడం లేదు. మేనేజరమ్మకు ఆ నిశ్శబ్దం తిట్లకన్నా భరించరానిదిగా ఉంది.

బేకరీ ఆవిడ లోపలికి వెళ్ళి అత్త భుజం మీద చెయ్యి వేసి, చెవిలో గట్టిగా, పోయాడటగా అంది. పొద్దున్న ఆపరేషన్‌కు వెళ్ళిన మనిషి గురించి ఆ మాట అంటే అత్త ఏమనుకుంటుంది. ఇస్త్రీ పక్కన పెట్టి పెద్దపెట్టున ఏడ్చింది. బయట ఉన్న నలభై మందిలో ఎవరికైనా ఇంకా అనుమానం ఉంటే ఆ ఏడుపుతో తీరిపోయింది.

జడ్జిగారు దుకాణం మెట్టు ఎక్కారు. ఆయన వేసుకున్న నల్లప్యాంటు చీలమండకు జానెడు పైనే ఆగిపోయింది, కానీ ఆ సమయంలో ఎవరూ అటు చూడలేదు. మధ్యమధ్య దగ్గుతూ ఆయన నాలుగు మాటలు మాట్లాడారు. మనలో ఎవరి బట్ట మీద ఏ మరక ఉందో ఈయనకు తెలుసు, ఏ ఒక్కదాన్ని గురించీ ఇంకొకరికి చెప్పి ఎరగడు, అలాంటి మనిషి ఈ ఉదయం మనల్ని విడిచి వెళ్ళాడు, అన్నారు.

మేనేజరమ్మకు అప్పటికి తెలిసింది, ఈ పూలూ ఈ మొహాలూ దేనికోసమో. జరిగింది తనకు తప్ప అందరికీ తెలిసిపోయిందనుకుంది. పిన్నికి ఫోన్ చేసింది. ఆసుపత్రి నియమం ప్రకారం పిన్ని ఫోను కట్టేసి ఉంది. ఇంకోసారి చేసింది. కౌంటర్ వెనక నేలమీద కూలబడింది. దారాల కుప్ప పక్కనే ఉంది. ఇంకేమీ ముట్టుకోకు అన్నదే బాబాయి తనతో చెప్పిన ఆఖరి మాట అన్న ఆలోచన రాగానే ఆమెకు దుఃఖం ఆగలేదు.

అదే సమయానికి వీధి మొదట్లో ఒక టాక్సీ ఆగింది. ఎడమకంటికి కట్టుతో బాబాయి దిగాడు, మోచెయ్యి పట్టుకుని పిన్ని దిగింది. నేరుగా ఇంటికి వెళ్ళమని డాక్టరు చెప్పినా, ఒక్కసారి దుకాణం మొహం చూస్తే గానీ వెళ్ళనని ఆయన పట్టుబట్టాడు. కట్టులేని కన్నూ అంతంతమాత్రమే. జనం గుమిగూడారని మాత్రం తెలిసింది. వెళ్ళి ఆఖరి వరసలో నిలబడి, ముందున్న గడియారాల ఆయన్ని మెల్లగా అడిగాడు.

"ఏం జరిగింది?"

"లాండ్రీ ఆయన పోయాడు," అన్నాడు గడియారాల ఆయన, వెనక్కి తిరగకుండా.

"అయ్యో, ఏ లాండ్రీ?"

గొంతు తెలిసినట్టనిపించి గడియారాల ఆయన వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత అరనిమిషం ఆ వీధిలో ఏమి జరిగిందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. బస్సు డ్రైవరు ఒక కానిస్టేబుల్‌ను కౌగిలించుకున్నాడనీ, జడ్జిగారు మెట్టు మీదే కూర్చుండిపోయారనీ మాత్రం అందరూ ఒప్పుకుంటారు. మేనేజరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి బాబాయి చెయ్యి పట్టుకుని, అది వెచ్చగా ఉందో లేదో చూసుకుంది. కౌంటర్ మీది పూలు ఎవరికోసమని పిన్ని అడిగితే, బాబాయికేనని ప్రిన్సిపాల్ చటుక్కున చెప్పింది.

సంతోషం సర్దుమణిగాక అందరికీ ఒకేసారి కోపం వచ్చింది. అసలు ఆ మెసేజ్ ఎవరు పెట్టారని నలభై గొంతులు అడిగాయి. బాబాయి ఏదో చెప్పి సర్దబోయాడు. మేనేజరమ్మ ఆయన్ని ఆపి, లోపలి నుంచి స్టూలు తెచ్చుకుని ఎక్కింది.

"తప్పు నాది," అంది. "బాబాయి ఏమీ ముట్టుకోవద్దన్నాడు. బాగుచేద్దామని నేనే ముట్టుకున్నాను. మీ బట్టల గుర్తులన్నీ కత్తిరించేశాను. ఏది ఎవరిదో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి ఆ మెసేజ్ పెట్టాను. మీ బట్ట మీరు చూస్తే గుర్తుపడతారు. లోపలికి వచ్చి చూసుకుంటారా?"

ఆ మాటతో సగం కోపం దిగిపోయింది. పైగా నలభై మందీ ఒక్కచోట ఉన్నారు, మామూలు రోజుల్లో ఎవరు పిలిచినా అలా రారు. చొక్కాలన్నీ ఒకచోట, కోట్లన్నీ ఒకచోట ఉన్నాయి కాబట్టి, ఒక్కొక్కరూ తమ అర దగ్గరికి వెళ్ళి చూసుకుంటుంటే పని చకచకా సాగింది. ఎవరు ఏ అర నుంచి మొదలుపెట్టాలో ఆమె స్టూలు మీద నుంచే చెప్పింది. ఎవరికీ తేలనివి బాబాయి దగ్గరకు వెళ్ళాయి. ఆయన కుర్చీలో కూర్చుని, ఒక కన్నుకు కట్టుతో, రెండో కన్ను మూసుకుని, కాలరు వేళ్ళతో తడిమి చెప్పాడు. ఇది దగ్గు సారుది, దగ్గినప్పుడల్లా రెండో గుండీ లాగుతారు, అన్నాడు. అంతవరకూ తనకు ఆ పేరు ఉందని తెలియని జడ్జిగారు కాసేపు ఆలోచించి, దగ్గి, చొక్కా తీసుకున్నారు. పొడుగు మేడమ్‌కు తన కోటు దొరికింది.

చివరకు రెండు నీలి చొక్కాలు మిగిలాయి. మగవాళ్ళెవరూ తమవి కావన్నారు. బాబాయి వాటిని ఒళ్ళో పెట్టుకుని తనే మడిచి, మూలన నిలబడి ఉన్న ముసలి నర్సమ్మను పిలిచి ఇమ్మని మేనేజరమ్మకు చెప్పాడు. ఇచ్చి వచ్చాక, మగవాళ్ళ చొక్కాలు కదా అని ఆమె అడిగింది.

"వాళ్ళాయన పోయి ఆరేళ్ళయింది," అన్నాడు బాబాయి. "నెలకోసారి తెస్తుంది. మాసి ఉండవు. అయినా ఉతుకుతాను."

మేనేజరమ్మ పొద్దున్న వాటిని నలభై సైజు, రంగువి అని ఒక అరలో పడేసింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. మర్నాటి నుంచి రెండు రోజులు రంగుదారాలూ సూదీ తీసుకుని బాబాయి పక్కన కూర్చుంది. తెచ్చిన ప్రతి బట్టకూ ఆయన గుర్తు చెబుతుంటే ఆమె కుట్టింది. గుర్తుతో పాటు ఆ ఇంటి సంగతి కూడా కాస్త చెప్పేవాడు, ఆమె విన్నది. నువ్వు పేర్చిన తీరు మాత్రం బాగుందమ్మా, ఎవరివో తెలియలేదంతే, అని ఒకసారి ఆయన మెచ్చుకున్నాడు కూడా. ఆయన దాన్ని ఎత్తిపొడుపుగా అనలేదు.

గురువారం ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రానే వచ్చింది. ఆమె ఉన్నదున్నట్టు మొత్తం చెప్పింది, కత్తెరతో సహా. ముగ్గురిలో ఇద్దరు కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. మూడో ఆయన కబురు చేస్తామన్నాడు. చేయలేదు.

కబురు పళ్ళ డాక్టరు నుంచి వచ్చింది. ఆయన క్లినిక్‌లో ఆరు కుర్చీలు, నలుగురు డాక్టర్లు ఉన్నారు. అన్నీ చూసుకునే మనిషి కోసం ఏడాదిగా వెతుకుతున్నాడు. మా దగ్గర ఏది పాడైనా ఎవరూ నాకు చెప్పరమ్మా, ఆ రోజు స్టూలెక్కి చెప్పావు చూడు, అలా చెప్పేవాళ్ళు కావాలి, అన్నాడు. ఆమె సోమవారం చేరింది. మొదటి వారం రిసెప్షన్ అమ్మాయి పక్కన కూర్చుంది, రెండో వారం నర్సుల వెంట తిరిగింది, మూడో వారం వచ్చిపోయేవాళ్ళతో మాట్లాడింది. ఎవరేమి చెప్పినా, సరిగ్గా విన్నానా అని తిరిగి అడిగి రాసుకుంది. ఒక్క కాగితం జరపలేదు, ఒక్క కుర్చీ కదపలేదు.

నాలుగో వారం డాక్టరు ఆమె బల్ల దగ్గరకు వచ్చి, వీలైతే ఏదో ఒకటి, చిన్నదైనా సరే, మార్చమని బతిమాలుకున్నాడు.